కాగితం మీద చుట్టరికం

2024 జులైలో గుంటూరుకు చెందిన ఒక ఆటో డ్రైవర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అప్పుల్లో ఉండగా ఫేస్‌బుక్‌లో ప్రకటన చూశానని, కిడ్నీ ఇస్తే 30 లక్షలు ఇస్తామన్నారని, విజయవాడలో ఆపరేషన్ చేయించి, చివరికి చేతిలో చిల్లర పెట్టి పంపేశారని అతని గోడు. టీవీల్లో రెండు మూడు రోజులు అదే వార్త. అందరి దృష్టీ 30 లక్షల మీదే పడింది. ఫిర్యాదులో అంతకంటే ముఖ్యమైన ముక్క మరొకటి ఉంది: కిడ్నీ తీసుకున్న వాళ్లకు తనను బంధువుగా చూపిస్తూ కాగితాలు పుట్టించారన్నది.

అవయవాల దొంగ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియాలంటే ఆ ముక్క దగ్గర ఆగాలి. ముక్కూమొహం తెలియని మనిషి ఒక హాస్పిటల్ ఫైల్లో తమ్ముడో, బావమరిదో, పిన్ని కొడుకో ఎందుకు కావాల్సి వచ్చింది?

జనం ఊహించుకునే కథ వేరు. మత్తుమందు వాసన చూపించి ఎత్తుకుపోతారు, తెల్లారేసరికి నడుం దగ్గర కుట్లు ఉంటాయి, కిడ్నీ ఐస్ బాక్సులో విమానమెక్కి ఉంటుంది. 2018 మేలో ఇలాంటి వాట్సాప్ మెసేజ్‌లే రెండు తెలుగు రాష్ట్రాల్నీ ఊపేశాయి. పిల్లల్ని ఎత్తుకెళ్లి కిడ్నీలు తీసే ముఠాలు దిగాయని నమ్మి, దారినపోయే బిచ్చగాళ్లనీ పరాయి ఊరివాళ్లనీ కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. అసలు ఆ పద్ధతిలో కిడ్నీ దొంగతనం కుదిరే పని కాదు. ముందు బ్లడ్ గ్రూపు కలవాలి. తర్వాత కణజాలం ఎంతవరకు కలుస్తుందో చూసే టిష్యూ టైపింగ్. ఆ తర్వాత ఇచ్చేవాడి కణాల్నీ తీసుకునేవాడి రక్తాన్నీ కలిపి చూసే క్రాస్ మ్యాచ్. ఇవన్నీ సరిపోయాక స్కానింగులు, గుండె పరీక్షలు. ఆపరేషన్ రోజున పక్కపక్కన రెండు థియేటర్లు, రెండు టీములు, మత్తు డాక్టర్లు, ఐసీయూ కావాలి. తీసిన కిడ్నీని చల్లగా ఉంచినా ఒకటి, ఒకటిన్నర రోజుకు మించి నిలవదు. పెట్టించుకున్న వ్యక్తి బతికినంత కాలం మందులు వాడాలి. ఇంత తతంగం చీకటి గదిలో జరగదు. లైసెన్సున్న హాస్పిటల్లో, ట్యూబులైట్ల వెలుగులో, ఫైలు నంబరు వేసుకునే జరుగుతుంది. లైసెన్సు లేనిచోట జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో పట్టుబడింది అలాంటిదే. అయితే అక్కడ కూడా కావాల్సింది చదువుకున్న సర్జన్లే.

లైసెన్సున్న హాస్పిటల్లో జరగాలంటే చట్టాన్ని దాటాలి. చట్టం చుట్టరికం అడుగుతుంది.

మన దేశంలో మానవ అవయవాల మార్పిడి చట్టం 1994లో వచ్చింది. వైద్యం రాష్ట్రాల పరిధి కాబట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన చట్టం తాను చేసుకుంది. అంతకుముందు కిడ్నీ అమ్మడాన్ని తప్పు అనే చట్టమే దేశంలో లేదు. చెన్నైలో విల్లివాక్కం అనే పేటకు 'కిడ్నీవాక్కం' అని పేరు పడింది ఆ రోజుల్లోనే. బతికున్న మనిషి దగ్గర అవయవం తీసుకోవాలంటే ఇచ్చేవాళ్లు దగ్గరి బంధువై ఉండాలని చట్టం పెట్టింది. తల్లిదండ్రులు, బిడ్డలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు. కేంద్ర చట్టానికి 2011లో చేసిన సవరణలో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, మనవలు కూడా చేరారు. ఈ జాబితాలో లేనివాళ్లు ఇవ్వాలంటే, 'ప్రేమాభిమానాలతో' ఇస్తున్నట్టు అనుమతి కమిటీని ఒప్పించాలి.

ఇక్కడ రెండు తలుపులున్నాయి. మొదటిది దగ్గరి చుట్టరికం. తల్లీబిడ్డలనో అన్నదమ్ములనో చెబితే అవసరమైతే డీఎన్ఏ పరీక్ష చేయించవచ్చు, అబద్ధం దొరికిపోతుంది. భార్యాభర్తల విషయంలో ఆ పరీక్ష పనికిరాదు. మొగుడికీ పెళ్లానికీ రక్తం కలవాల్సిన పని లేదు కదా! పెళ్లి ఫొటో, రేషన్ కార్డు, ఆధార్‌లో భర్త పేరు ఉంటే చాలు. రెండోది ప్రేమాభిమానాల తలుపు. అభిమానాన్ని కొలిచే మెషీన్ ఏ ల్యాబ్‌లోనూ లేదు. బ్రోకర్లు ఎక్కువగా వాడుకునేది భార్యాభర్తల చుట్టరికాన్నీ, ఈ ప్రేమాభిమానాల తలుపునీ.

చట్టం చేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 2011 సవరణలో, దాతను దగ్గరి బంధువుగానో అభిమానంతో ఇచ్చేవాడిగానో చూపడానికి దొంగ పత్రాలు తయారుచేయడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. శిక్ష 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. 2014 నిబంధనల ప్రకారం కమిటీ దాతతో మాట్లాడటాన్ని వీడియో తీయాలి. దొంగ పత్రాల విషయంలో రాతలో లోపం పెద్దగా లేదు. లోపమంతా కమిటీ కూర్చునే గదిలో, ఆ పది పదిహేను నిమిషాల్లో ఉంది.

ఆ గదిని ఒకసారి ఊహించండి. బల్లకి అటువైపు నలుగురైదుగురు పెద్దమనుషులు. ఇటువైపు కొత్త చొక్కా తొడిగించిన మనిషి. ముందు ప్లాస్టిక్ ఫోల్డర్. అందులో ఆధార్, రేషన్ కార్డు, కుటుంబ ధ్రువీకరణ పత్రం, నోటరీ చేయించిన స్టాంపు పేపరు. ప్రశ్నలు ఎలా ఉంటాయో బ్రోకరుకు ముందే తెలుసు. ఆయనకు ఎప్పటినుంచి డయాలసిస్? మీ అక్కకు ఎంతమంది పిల్లలు? డబ్బులేమైనా ఇస్తామన్నారా? రెండు రాత్రులు లాడ్జి గదిలో కూర్చోబెట్టి జవాబులు బట్టీ పట్టిస్తే సరిపోతుంది. డబ్బు ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇన్ని పరీక్షలు చేయించుకుని, పది రోజులు పని మానుకుని, ఇంటి దగ్గర అప్పులవాళ్లకు వాయిదా చెప్పి వచ్చిన మనిషి ఆ గదిలో 'అవునండీ, 30 లక్షలు ఇస్తామన్నారు' అనడు. కమిటీ కూడా పోలీస్ స్టేషన్ కాదు. ఎమ్మార్వో ఆఫీసు ముద్ర ఉంటే ఎమ్మార్వో చూసుకుని ఉంటాడనుకుంటుంది. అక్కడ ముద్ర వేసినవాళ్లు, ఎలాగూ డాక్టర్లు అడుగుతారులే అనుకుంటారు.

ఈ పద్ధతి మనవాళ్లు కనిపెట్టింది కాదు. దక్షిణాఫ్రికాలో డర్బన్‌లోని సెయింట్ అగస్టీన్ హాస్పిటల్లో 2001 నుంచి 2003 దాకా 109 చట్టవిరుద్ధ కిడ్నీ ఆపరేషన్లు జరిగాయి. దాన్ని నడిపే నెట్‌కేర్ సంస్థ 2010లో కోర్టులో నేరం ఒప్పుకుంది. కిడ్నీలు పెట్టించుకున్నవాళ్లు ఎక్కువగా ఇజ్రాయెల్ పౌరులు. మొదట్లో ఇచ్చినవాళ్లూ ఇజ్రాయెల్ వాళ్లే, ఒక్కొక్కరికి 20 వేల డాలర్ల దాకా ముట్టింది. తర్వాత బ్రెజిల్, రొమేనియా పేదవాళ్లు సగటున 6 వేల డాలర్లకే దొరికారు. సరుకు చవగ్గా ఎక్కడ దొరికితే అక్కడికి పోవడం ఏ వ్యాపారానికైనా మామూలే, ఇక్కడ సరుకు మనిషి ఒంట్లోది. ఇచ్చినవాళ్లలో ఐదుగురు మైనర్లు. వీళ్లందరినీ పేషెంట్ల బంధువులుగా చూపిస్తూ పత్రాలున్నాయి. పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ కుర్రాడు హీబ్రూ మాట్లాడే పెద్దాయనకు చుట్టమెలా అయ్యాడని ఆ హాస్పిటల్లో ఎవరూ అడగలేదంటే నమ్మడం కష్టం.

అమెరికాలో అవయవాల వ్యాపారం మీద మొదటి శిక్ష 2012లో పడింది. బ్రూక్లిన్‌కు చెందిన లెవీ రోజెన్‌బామ్ పేషెంట్లకీ అమ్మేవాళ్లకీ సంబంధం కుదిర్చేవాడు. తనను తాను పెళ్లిళ్ల పేరయ్యతో పోల్చుకునేవాడు. హాస్పిటల్ వాళ్లు అడిగితే ఏ కథ చెప్పాలో ఇద్దరికీ తర్ఫీదు ఇచ్చేవాడు. పేరున్న హాస్పిటళ్లే అక్కడా మోసపోయాయి.

అడగాల్సినవాళ్లు అడిగితే ఏమవుతుందో లండన్‌లో తేలింది. నైజీరియా సెనేటర్ ఐకే ఎక్వెరెమడు తన కూతురికి కిడ్నీ కోసం లాగోస్ వీధుల్లో చిన్న వ్యాపారం చేసుకునే 21 ఏళ్ల కుర్రాడిని లండన్ రప్పించాడు. కూతురికి కజిన్ అవుతాడని చెప్పించారు. రాయల్ ఫ్రీ హాస్పిటల్ డాక్టరుకు మాటల్లో తేడా కనిపించింది. కుర్రాడికి తనకేం జరగబోతోందో సరిగ్గా తెలియదని గ్రహించి ఆపరేషన్ వద్దన్నాడు. కొన్నాళ్లకు ఆ కుర్రాడే పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్లాడు. 2023 మేలో సెనేటర్‌కు 9 ఏళ్ల 8 నెలల జైలు పడింది. అవయవం కోసం మనిషిని తరలించిన కేసులో, ఆధునిక బానిసత్వ చట్టం కింద బ్రిటన్‌లో అదే మొదటి శిక్ష. చెప్పుకోవాల్సింది ఏమిటంటే, అక్కడ పట్టుకున్నది సీసీ కెమెరాలూ కాదు, ఇంటర్‌పోలూ కాదు. ఓపిగ్గా కూర్చుని ప్రశ్న వేసిన ఒక్క డాక్టరు.

ఈ వ్యాపారం సైజు ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థవిగా 2007 ప్రాంతంలో వచ్చిన అంచనాల ప్రకారం ప్రపంచంలో జరిగే కిడ్నీ మార్పిడుల్లో 5 నుంచి 10 శాతం దాకా ఈ బాపతే. గ్లోబల్ ఫైనాన్షియల్ ఇంటిగ్రిటీ సంస్థ 2017లో ఏడాది వ్యాపారాన్ని 84 కోట్ల నుంచి 170 కోట్ల డాలర్ల మధ్య లెక్కగట్టింది. దొంగ లెక్కలకు ఖచ్చితమైన పద్దు ఉండదు కాబట్టి వీటిని అంచనాలుగానే తీసుకోవాలి. అంతర్జాతీయ ఒప్పందాలకూ లోటు లేదు. మనుషుల అక్రమ రవాణా మీద ఐక్యరాజ్యసమితి 2000లో చేసిన పలెర్మో ప్రోటోకాల్, అవయవాల వ్యాపారం వద్దంటూ డాక్టర్లు చేసిన 2008 ఇస్తాంబుల్ డిక్లరేషన్, 2015లో స్పెయిన్‌లో కుదిరిన ఐరోపా ఒప్పందం. వీటిలో జనం మీద నేరుగా పనిచేసింది మాత్రం ఇజ్రాయెల్ 2008లో చేసిన చిన్న మార్పు. విదేశాల్లో కొనుక్కున్న కిడ్నీకి ఇన్సూరెన్స్ డబ్బు చెల్లించకూడదన్నారు. ఇన్సూరెన్స్ ఆగేసరికి విమానాలెక్కేవాళ్లు తగ్గిపోయారు.

ఇక మన వైపు. 2024 మేలో కొచ్చి విమానాశ్రయంలో ఇరాన్ నుంచి దిగిన ఒకతన్ని కేరళ పోలీసులు పట్టుకున్నారు. కిడ్నీలు అమ్మేవాళ్లను మన దేశం నుంచి ఇరాన్ తీసుకెళ్తున్నాడన్నది కేసు. దర్యాప్తులో తీగ లాగితే డొంక విజయవాడ దాకా కదిలింది. ఇక్కడి మనిషిని ముఖ్య నిందితుల్లో ఒకడిగా అరెస్టు చేశారు, తర్వాత కేసు ఎన్ఐఏకి వెళ్లింది. ఇరానే ఎందుకంటే, ప్రభుత్వ పర్యవేక్షణలో డబ్బిచ్చి కిడ్నీ తీసుకోవడానికి 1988 నుంచీ అనుమతి ఉన్న దేశం అదొక్కటే. పేదవాడు అమ్ముకుంటే తప్పేంటి, చట్టబద్ధం చేస్తే బ్రోకర్లుండరు కదా అని వాదించేవాళ్లు ఇరాన్‌నే ఉదాహరణగా చూపిస్తారు. బ్రోకర్లు పోకపోగా వేరే దేశాల వాళ్లను కూడా అక్కడికే తోలుకెళ్తున్నారని ఈ కేసు చెబుతోంది.

అమ్ముకుంటే అప్పు తీరుతుందా అన్నదానికి జవాబు పాతికేళ్ల కిందటే వచ్చింది. 2001లో చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలిశారు. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. చేతికొచ్చింది సగటున 1,070 డాలర్లు, చెప్పినదానికంటే తక్కువ. ఆపరేషన్ తర్వాత కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. అప్పు కోసం అమ్మినవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. ఇంకెవరికైనా ఈ పని చేయమని చెబుతారా అంటే 79 శాతం వద్దన్నారు. ఇందులో వింతేమీ లేదు. మూటలు మోసేవాడో ఆటో తోలేవాడో నడుం మీద కోతతో మళ్లీ పనికి ఎక్కడానికి నెలలు పడుతుంది. వడ్డీ మాత్రం ఒక్క రోజు కూడా సెలవు తీసుకోదు.

వడ్డీ అంటే ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పేదేముంది? 2015 డిసెంబరులో కాల్ మనీ బాగోతం బయటపడింది విజయవాడలోనే. ఫోన్ చేస్తే ఇంటికి డబ్బు తెచ్చి ఇచ్చి, ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు పెట్టించుకుని పీల్చి పిప్పి చేసిన వ్యవహారం. ఇప్పుడా పనిలో లోన్ యాప్‌లు కూడా చేరాయి. అంతకుముందు 2000 ప్రాంతంలో పల్నాడులో రెంటచింతల రైతులు అప్పులకు కిడ్నీలు అమ్ముకున్నారన్న వార్తలు దేశమంతా తిరిగాయి. అప్పులపాలైన ఊరి జాబితా, బ్రోకరు తిరిగే ఊరి జాబితా పక్కపక్కన పెడితే పెద్దగా తేడా ఉండదు.

కిడ్నీ తీయకుండానే దోచుకునే రకం కూడా ఒకటి తయారైంది. 2022లో గుంటూరు జిల్లాకు చెందిన నర్సింగ్ విద్యార్థిని ఒకమ్మాయి, తండ్రి ఖాతాలోంచి ఆయనకు తెలియకుండా ఖర్చు పెట్టిన డబ్బు సర్దడానికి ఆన్‌లైన్‌లో కిడ్నీ అమ్మకానికి దిగింది. 3 కోట్లు ఇస్తామని ఆశపెట్టి, ట్యాక్సులనీ వెరిఫికేషన్ అనీ ఆమె దగ్గరే దాదాపు 16 లక్షలు లాగేశారు. కిడ్నీ నిలిచింది, డబ్బు పోయింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు. కిడ్నీకి కోట్లు ఇస్తామని ఎవరైనా మెసేజ్ పెడితే, అది ఇలాంటి మోసమేనని కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

మోసపోయినవాళ్లు ఎందుకు బయటికి రారు? చట్టంలో డబ్బు ఇవ్వడం ఎంత నేరమో పుచ్చుకోవడం కూడా అంతే నేరం. 30 లక్షలు అని లక్ష ఇచ్చారని స్టేషన్‌కు వెళ్తే, ముందు 'కిడ్నీ అమ్మాను' అని తన నోటితో ఒప్పుకోవాలి. దొంగ పత్రాల మీద సంతకం కూడా తనదే. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకోవాల్సిందే. మిగతా డబ్బు ఎగ్గొట్టే ధైర్యం బ్రోకరుకు వచ్చేది ఇక్కడి నుంచే. అమ్మినవాడిని నిందితుడిగా కాక బాధితుడిగా, సాక్షిగా చూడాలని పలెర్మో ప్రోటోకాల్ నాటి నుంచీ అంటున్నారు. ఆ ప్రోటోకాల్‌లో, నిస్సహాయతను అడ్డం పెట్టుకుని సంపాదించిన 'ఒప్పుకోలు' ఒప్పుకోలు కిందికి రాదు. మన అవయవ చట్టంలో ఆ మెళకువ లేదు. ఒక్క ఈ సెక్షన్ మారితే బ్రోకర్లకు పట్టే భయం, పది రెయిడ్లతో కూడా పట్టదు.

కొనేవాళ్లను తిట్టడం తేలిక. ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు మండలం తండాలకు వెళ్తే కోపం కాస్త తగ్గుతుంది. కిడ్నీ జబ్బు అక్కడ ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరుగుతోంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మెషీన్ పక్కన పడుకోవడం. అయితే ఆ తండాల వాళ్లు కిడ్నీ కొనగలిగినవాళ్లు కారు. కొనేది అదే జబ్బుతో ఉన్న, డబ్బున్న మనిషి. ఏడాదికి మన దేశంలో కొత్తగా రెండు లక్షల మందికి దాకా కిడ్నీలు పూర్తిగా చెడిపోతున్నాయని చెబుతుంటారు. 2023లో జరిగిన కిడ్నీ మార్పిడులు 13 వేల పైచిలుకు. వాటిలో ఎక్కువ భాగం బతికున్నవాళ్లు ఇచ్చినవే. ఆ ఏడాది బ్రెయిన్ డెడ్ అయ్యాక అవయవాలు ఇచ్చినవాళ్లు దేశం మొత్తం మీద 1,100 లోపు. పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు. స్పెయిన్‌లో ఆ లెక్క 45కి పైనే.

ఇంకో మాట. చట్టబద్ధంగా ఇచ్చే బంధువుల్లో కూడా ఎక్కువమంది ఆడవాళ్లే, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. వాళ్లలో ఎంతమంది మనస్ఫూర్తిగా ఇచ్చారో, ఎంతమందిని అత్తింట్లో కూర్చోబెట్టి ఒప్పించారో ఏ ఫారంలోనూ ఉండదు. నిజమైన చుట్టరికం కూడా ఒక్కోసారి బ్రోకరు పని చేస్తుంది.

ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని వరస కోసం చూడటం తప్ప, ఇచ్చే బంధువు లేని మామూలు పేషెంటుకు దారి లేదు. విజయవాడలో అంబులెన్స్‌కు గ్రీన్ ఛానల్ ఇచ్చి గన్నవరం విమానాశ్రయానికి గుండెను పంపినప్పుడు రోడ్డు పక్కన జనం ఆగి చూస్తారు. 2016లో గుంటూరు ప్రభుత్వ జనరల్ హాస్పిటల్లో గుండె మార్పిడి జరిగినప్పుడు, సర్కారు దవాఖానాలో ఇది సాధ్యమేనా అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. అలాంటి దానాలు పెరిగినకొద్దీ బ్రోకరు గిరాకీ పడిపోతుంది. గుంటూరులో కుటుంబ ధ్రువీకరణ పత్రం ధర కూడా పడిపోతుంది.

అప్పటిదాకా ఆ పత్రం బరువు మోసేది అమ్మినవాడే. ఆపరేషన్ తర్వాత మూడు నెలలకో ఏడాదికో నడుం దగ్గర నొప్పి వస్తుంది. బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి. కిడ్నీ ఇచ్చినవాళ్లను ఏటా పరీక్షించాలని డాక్టర్లందరూ చెబుతారు. ఆపరేషన్ జరిగిన హాస్పిటల్‌కు వెళ్లలేడు. డిశ్చార్జి సమ్మరీలో రాసిన అక్క ఎవరో, బావ ఎవరో అతనికి ఇప్పుడు గుర్తు కూడా ఉండదు. ఒక్కోసారి ఆ సమ్మరీ మీద ఉన్న పేరు కూడా తనది కాదు. ఇంకేదో క్లినిక్‌లో యాభై రూపాయల ఓపీ చీటీ రాయించుకుని స్కానింగ్ బల్ల మీద పడుకుంటాడు. జెల్లీ పూసి మెషీన్ అటూ ఇటూ తిప్పిన డాక్టరు, ఒక వైపు చాలాసేపు వెతికి, "కిడ్నీ ఎవరికిచ్చావయ్యా?" అని అడుగుతాడు.